మూడు ఫిర్యాదు సంఖ్యలు ఇచ్చి ఒక్కదానికీ జవాబు చెప్పనందుకు

కాజీపేట,
24 నవంబరు 2025.

కస్టమర్ సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: సెప్టెంబరులో కొన్న ర్యామ్ (కంప్యూటరు మెమరీ ముక్క) గురించి మీ సంస్థ ఎనిమిది వారాలుగా చూపుతున్న నిర్లక్ష్యం.

ఆర్యా,

ఈ ఉత్తరం పాడైన ఒక ర్యామ్ ముక్క గురించి మాత్రమే రాస్తున్నానని అనుకోవద్దని ముందే మనవి చేస్తున్నాను. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో ఎప్పుడైనా ఒకటి చెడిపోయి రావచ్చు, అందుకు నేను ఎవరినీ నిందించను. చెడిపోయిందని చెప్పుకున్న మనిషితో మీరు నడుచుకున్న తీరు గురించే నా బాధ.

మా పెద్దనాన్నగారు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి 2012లో పదవీ విరమణ చేశారు. ఆ మరుసటి ఏడాది కొన్న డెస్క్‌టాప్‌ మీదే ఆయన ఇప్పటికీ దినపత్రికలు చదువుతారు, పెద్దమ్మ డాలస్‌లో ఉన్న మనవరాలితో వీడియోలో మాట్లాడుతుంది. ఫోను తెర ఆమె కళ్ళకు ఆనదు. విండోస్ 10కు అక్టోబరు 14తో మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోతాయన్నారు, విండోస్ 11 అంత పాత యంత్రాన్ని అంగీకరించదు. అందుకని దాన్ని పారవేయకుండా, మా అబ్బాయి పాత కంప్యూటరు ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె), మానిటర్ తెచ్చి పెట్టి, కొత్తగా ఒక ఎస్‌ఎస్‌డీ (సమాచారం దాచే డ్రైవు), రెండు ర్యామ్‌లు మీ దగ్గర కొని, విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి దసరాకు ముందే వారికి అప్పగించాలని అనుకున్నాను. సెప్టెంబరు 26న వస్తువులు అందాయి, 28వ తేదీ ఆదివారం బిగించాను. ఒక ర్యామ్ పెట్టగానే కంప్యూటరు ఆగి ఆగి తిరిగి మొదలవుతోంది, రెండోది ఒక్కటే ఉంటే చక్కగా నడుస్తోంది. రెండు స్లాట్లలోనూ మార్చి మార్చి చూసి, లోపం ఎక్కడుందో నిర్ధారించుకున్నాకే మీకు ఫోను చేశాను.

సెప్టెంబరు 29న ఇరవై రెండు నిమిషాలు ఎదురుచూశాక ఫోను ఎత్తిన మీ ఉద్యోగి కంప్యూటరు ఏ సంవత్సరానిదని అడిగారు. 2013 అనగానే అంత పాతదానికి తమ బాధ్యత ఉండదని అన్నారు. అది పాత కంప్యూటర్లకు తప్ప మరి దేనికీ సరిపోని రకం ర్యామ్ అనీ, మీరు దాన్ని అమ్మేదే అలాంటి యంత్రాల కోసమనీ నేను చెప్పాక, వీడియో తీసి పంపమన్నారు, మొదటి ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. వీడియో మెయిలులో పంపితే పరిమాణం ఎక్కువని తిరిగి వచ్చింది. వాట్సాప్‌లో పంపితే మా సందేశానికి ధన్యవాదాలు అనే ఒకే వాక్యం నాలుగుసార్లు వచ్చింది. అక్టోబరు 6న, ఎవరూ నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండానే, వినియోగదారు సంతృప్తి చెందినందున ఫిర్యాదు ముగిసిందని నా ఫోనుకు సందేశం వచ్చింది. వస్తువు తిరిగి ఇచ్చేందుకు మీరు పెట్టిన పది రోజుల గడువు సరిగ్గా ఆ రోజుతోనే తీరింది.

అదే రోజు మళ్ళీ ఫోను చేస్తే, రెండో సంఖ్య ఇచ్చి, సికింద్రాబాదులోని మీ సేవా కేంద్రానికి వస్తువు తీసుకువెళ్ళమన్నారు. 11వ తేదీ శనివారం సెలవు పెట్టి, రైల్లో నూట ముప్పై కిలోమీటర్లు వెళ్ళాను. అక్కడ కౌంటరులో ఉన్న వ్యక్తి బిల్లు చూసి, ఇది ఆన్‌లైన్‌లో కొన్నది కనుక ఇక్కడ తీసుకోరాదని, ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయాలని చెప్పి, కవరు విప్పకుండానే నా చేతికిచ్చేశాడు. ఆ మాటనే కాగితం మీద రాసివ్వమంటే అధికారం లేదన్నాడు. సోమవారం మూడో సంఖ్య ఇచ్చిన ఉద్యోగి, గడువు దాటిపోయింది కదా మేడమ్ అన్నారు. గడువు లోపల, మూడో రోజునే ఫిర్యాదు చేశానని చెబితే ఆ ఫిర్యాదు ముగిసినట్టు తమ తెర మీద కనిపిస్తోందన్నారు. దాన్ని ముగించింది ఎవరని అడిగితే సమాధానం లేదు.

ఇంతవరకూ నా ఒక్కదాని శ్రమ అనుకుని ఊరుకునేదాన్నేమో. అక్టోబరు 17న నేను పనిలో ఉండగా మీ సంస్థ నుంచి వచ్చిన ఒకే ఒక్క ఫోను, నేను రెండో నంబరుగా ఇచ్చిన పెద్దనాన్నగారి ఫోనుకు వెళ్ళింది. మాట్లాడినామె హిందీలో వేగంగా ఏదో చెబుతుంటే, తనకు వినికిడి తక్కువని, నెమ్మదిగా చెప్పమని ఆయన ఆమెను రెండుసార్లు అడిగారట. ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా ఉంటే ఫోను వాళ్ళకివ్వండి అని ఆమె లైను కోసేసింది. రైల్వే గేటు మూసినట్టు గేట్‌మన్ ఫోనులో ప్రైవేటు నంబరు (హామీగా చెప్పే గుర్తు సంఖ్య) చెబితే, దాన్ని తన చేత్తో రాసుకున్నాకే బండికి సిగ్నలు ఇచ్చిన మనిషి ఆయన. ఫోనులో ఒక నంబరు చెప్పారంటే దాని వెనుక చెప్పినవాడు నిలబడి ఉంటాడన్నది ఆయన ఉద్యోగమంతా నమ్మిన మాట. మీరిచ్చిన మూడు సంఖ్యలూ ఆయన తన డైరీలో తేదీలతో సహా రాసుకున్నారు. ఆ సాయంత్రం నన్ను పిలిచి, ఈ కంప్యూటరు వద్దులేమ్మా, నా మూలంగా నువ్వు ఇన్ని మాటలు పడుతున్నావు అన్నారు. ఆ మాట నన్ను ఎంత కుంగదీసిందో మీకు రాయలేను.

2011 నుంచి మా ఇంటికీ, మా పాఠశాల ల్యాబుకూ కావలసినవన్నీ మీ దగ్గరే కొన్నాను. వేరేచోట నూరు రూపాయలు తక్కువకు దొరికినా, నమ్మకమని మీ దగ్గరికే వచ్చాను. ఆ బిల్లులన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆ నమ్మకానికి మీ సంస్థలో ఒక్కరైనా విలువ ఇచ్చి ఉంటే ఈ ఉత్తరం రాయవలసి వచ్చేది కాదు.

అక్టోబరు 22న మీ ఫిర్యాదుల పరిష్కార అధికారికి మెయిలు రాశాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నలభై ఎనిమిది గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. నెల గడిచింది, అందినట్టు కూడా తెలియజేయలేదు. ర్యామ్ మార్చి ఇస్తారో, దాని ఖరీదు, నా ప్రయాణ ఖర్చు తిరిగి ఇస్తారో మీ ఇష్టం. కానీ నా మొదటి ఫిర్యాదును నేను సంతృప్తి చెందానని రాసి ముగించిన వారెవరో నాకు రాతపూర్వకంగా తెలియాలి. తెలుగు మాట్లాడే బాధ్యత గల అధికారి ఒకరు మా పెద్దనాన్నగారికి స్వయంగా ఫోను చేసి, నెమ్మదిగా, జరిగినదానికి క్షమాపణ చెప్పాలి.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో ఇవి జరగకపోతే, 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయిస్తాను. అక్కడా తేలకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 చట్టం ప్రకారం నేను నివసించే చోటే వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా లేదు. మీ ప్రధాన కార్యాలయం ఏ నగరంలో ఉన్నా మీరు ఇక్కడి కమిషన్‌కే జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. పెద్దనాన్నగారి డైరీ పేజీల నకళ్ళు, బిల్లు, మీ సందేశాలు, సికింద్రాబాదు రైలు టికెట్టు దీనికి జతపరిచాను.

ఇట్లు,
భవదీయురాలు,
(సంతకం)