వార్షిక నివేదిక: గణిత తరగతి, ఒక పెద్ద సంఖ్య

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది వేడుకలు, సంక్రాంతి ముగ్గుల పోటీ, పిల్లల తెలుగు బడి ఎప్పటిలాగే చక్కగా జరిగాయి. జమాఖర్చుల పట్టికను విడిగా అందజేస్తున్నాం. ఈ ఏడాది ముఖ్యంగా చెప్పుకోవలసింది ఆదివారం గణిత తరగతి గురించి.

డిసెంబరు 22న శ్రీనివాస రామానుజన్ జయంతికి ఏటా క్విజ్ పెట్టి, బహుమతులిచ్చి ముగించేవాళ్ళం. ఆయన గుమాస్తాగా పనిచేసిన చెన్నైలోనే ఉంటూ అంతటితో సరిపెట్టడం కార్యవర్గానికి నచ్చలేదు. అందుకే ఆయన 1915లో లండన్ గణిత సంఘం పత్రికలో ప్రచురించిన పరిశోధన నుంచి ఒకే విషయం తీసుకుని, పిల్లల చేతనే లెక్క వేయించాం.

తనకంటే చిన్నదైన ఏ సంఖ్యకూ లేనన్ని కారణాంకాలున్నదే అత్యధిక సంయుక్త సంఖ్య. 12కు ఆరు కారణాంకాలున్నాయి; అంతకంటే చిన్నవాటిలో దేనికీ నాలుగుకు మించి లేవు. ఇలాంటి సంఖ్యలను రామానుజన్ 6746328388800 వరకు, అంటే ఆరు లక్షల కోట్లు దాటి, పట్టికగా ఇచ్చారు. అందులో ఒక్కటి తప్పిపోయింది: 293318625600. కంప్యూటర్ లేని రోజుల్లో అంత దూరం వెళ్ళిన పట్టికలో లోపించింది ఇదొక్కటే కావడం మాకు అపురూపంగా అనిపించింది. తరగతికి దాన్నే ఎంచుకున్నాం.

పిల్లలు బోర్డు మీద దాన్ని 2తో ఆరుసార్లు, 3తో నాలుగుసార్లు, 5తోనూ 7తోనూ రెండేసిసార్లు, 11, 13, 17, 19లతో ఒక్కోసారి భాగించారు. చివరకు 1 వచ్చింది. ఒక్కో ఘాతాంకానికి, అంటే ఎన్నిసార్లు భాగించామో ఆ లెక్కకు, ఒకటి కలిపి గుణిస్తే, 7×5×3×3×2×2×2×2, కారణాంకాలు 5040. ఆ 5040 కూడా అత్యధిక సంయుక్త సంఖ్యే. దానికి 60 కారణాంకాలు.

ఘాతాంకాలు పెద్ద ప్రధాన సంఖ్యల వైపు వెళ్ళేకొద్దీ ఎందుకు పెరగవని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. జవాబు చెప్పకుండా 2, 3ల ఘాతాంకాలను తారుమారు చేసి చూడమన్నాం. కారణాంకాలు అన్నే ఉన్నాయి, సంఖ్య మాత్రం పెరిగింది. చిన్న సంఖ్యకే అన్ని కారణాంకాలు ఉన్నప్పుడు పెద్దదానికి ఆ హోదా దక్కదని తానే తేల్చింది. బహుమతి కోసం బట్టీ పట్టిన జవాబులో ఈ ఆనందం ఉండదు.

మన సంఖ్యను 23తో గుణిస్తే సరిగ్గా 6746328388800 వస్తుంది. మన సంఖ్య అంకెల మొత్తం 45. ఆ 45తోనూ అది నిశ్శేషంగా భాగించబడుతుంది. దేవలాలి బడిపంతులు డి. ఆర్. కాప్రేకర్ ఇలాంటివాటికి హర్షద్ సంఖ్యలని పేరు పెట్టారు.

క్విజ్ బహుమతుల ఖర్చును వచ్చే ఏడాది నుంచి ఈ తరగతికి మళ్ళించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశంలో ఆమోదం కోరుతున్నాం. లెక్కలు చెప్పగల సభ్యులు కార్యదర్శికి పేరు ఇవ్వవలసిందిగా మనవి.