గడీతో పాటు గరిసెలనూ, కొట్టాలనూ నిలపండి
(రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన మంత్రి గారికి,

జనగామ జిల్లాలోని ఒక పల్లె నుంచి నమస్కరించి రాయునది.

ఊళ్లలో దొరలు కోటల్లా కట్టించుకున్న పాత ఇళ్లను, అంటే గడీలను, బాగుచేయాలన్న మాట వచ్చినప్పుడల్లా అందరి చూపూ కమాను దగ్గర, బురుజుల దగ్గర, దొర కూర్చున్న మేడ దగ్గరే ఆగిపోతున్నది. కానీ గడీ అంటే మేడ ఒక్కటే కాదు. వడ్లు, జొన్నలు పోసిన గరిసెలు, ధాన్యం దాచిన పాతరలు, ఎడ్ల కొట్టాలు, గడ్డివాములు వేసిన దొడ్డి, మోట బావి అన్నీ కలిస్తేనే అది ఆనాటి వ్యవసాయం మొత్తాన్ని పట్టి చూపే ఆవరణ అవుతుంది. మేడకు రంగులు వేసి, వెనకనున్న కొట్టాలను వాహనాలు నిలిపే జాగా కోసం కూల్చితే, దొర వైభవం మిగులుతుంది గానీ దాన్ని మోసినవాళ్ల ఆనవాళ్లు మిగలవు.

మా ఊరి గడీ వెనక మోట బావి గట్టు రాయి మీద తాడు ఒరిపిడికి పడ్డ గాడి ఉన్నది. అందులో వేలు పెడితే సగం వేలు దిగుతుంది. ఎడ్లతో పాటు ఎందరు మనుషులు అక్కడ వెట్టి చేశారో ఏ కాగితంలోనూ రాసి ఉండదు. ఆ రాయి మీద మాత్రం ఉన్నది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణమిచ్చింది, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దక్కించుకున్నది ఈ దొరల వెట్టి వ్యవస్థకు ఎదురు నిలిచే. అందువల్ల గడీని నిలబెట్టడం దొరతనాన్ని పొగడడమని నేను అనుకోను. అక్కడ పెట్టే బోర్డు మీద కట్టించినవారి పేరుతో పాటు వెట్టి సంగతి కూడా రాస్తే చాలు.

మరమ్మతు పద్ధతి గురించీ ఒక మనవి. ఈ గోడలు డంగు సున్నంతోనూ (గానుగలో నూరిన సున్నంతోనూ), మట్టితోనూ కట్టినవి. లోపలి చెమ్మ వాటి గుండా బయటికి పోతుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే ఉండిపోయి, కొన్నేళ్లలో పూత పెచ్చులూడి, గోడ కూడా గుల్లబారుతుంది. టెండరు షరతుల్లోనే సున్నపు పనిని తప్పనిసరి చేసి, ఆ పని తెలిసిన మేస్త్రీల చేతనే చేయించాలి. కామారెడ్డి జిల్లా దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది కనుక, ఇటువంటి పని మన దగ్గర సాధ్యం కాదని ఎవరూ అనలేరు.

2017లో రాష్ట్రం వారసత్వ పరిరక్షణ చట్టం చేసుకున్నది. దాని కింద ఉత్తర తెలంగాణ జిల్లాల్లోని గడీలను సర్వే చేయించి, ప్రతి గడీలోని కొట్టం, గరిసె, బావులను కూడా పటంలో గుర్తించేలా ఆదేశాలివ్వండి. చాలా గడీలు ప్రైవేటు ఆస్తులే కాబట్టి, యజమానులతో ముందుగానే మాట్లాడి, పైకప్పు నిలబెట్టుకోవడానికి సాయం అందించాలి. వానకాలం వస్తే పెంకులు జారిన కొట్టాల మొగురాలు (కొయ్య స్తంభాలు) నానిపోతాయి. ఈ సర్వేను ఎండాకాలంలోనే మొదలుపెట్టించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
జనగామ జిల్లాకు చెందిన ఒక రైతు బిడ్డ