సర్వర్లు ఆపితే ఆపండి, స్పీకర్‌ను మాత్రం బతకనివ్వండి

ఉత్పత్తుల విభాగం అధిపతి గారికి,

విషయం: నెట్ రేడియో స్పీకర్ మొదటి మోడల్‌కు సేవలు నిలిపివేయడంపై ఫిర్యాదు, చివరి ఫర్మ్‌వేర్ (స్పీకర్‌ను లోపలినుంచి నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కోసం వినతి

నమస్కారం.

మీ నెట్ రేడియో స్పీకర్ మొదటి మోడల్‌కు వచ్చే నెలాఖరుతో సర్వర్ సేవలు ఆపేస్తున్నామని మీరు పంపిన మెయిల్ అందింది. వినియోగదారులకు మరింత మెరుగైన అనుభవం ఇవ్వాలనే సంకల్పంతో మొదలైన ఆ మెయిల్, మూడో పేరాకు గానీ అసలు సంగతికి రాలేదు. ఆ తేదీ తర్వాత స్టేషన్లు రావట, బటన్లు పనిచేయవట, గడియారం కూడా సరైన సమయం చూపకపోవచ్చట. బదులుగా కొత్త మోడల్ మీద తగ్గింపు కూపన్ ఇస్తామన్నారు. ఆ కూపన్ నాకు అక్కర్లేదు. నా దగ్గరున్న స్పీకర్ నిక్షేపంలా ఉంది. దాన్ని అలాగే ఉండనివ్వమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

దాన్ని తయారుచేసినవాళ్లు ఇప్పటికీ మీ సంస్థలో ఉన్నారో లేదో తెలియదు కాబట్టి, దాని గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి. ముందువైపు ఒకే ఒక్క నాబ్. తిప్పుతుంటే ఒక్కో మెట్టూ వేలికి తెలుస్తుంది. చీకట్లో కూడా శబ్దం ఎన్ని మెట్లు తగ్గించామో లెక్కపెట్టుకోవచ్చు. దాని కింద ఆరు బటన్లు, ఒక్కోదానికి ఒక్కో స్టేషన్. నచ్చిన స్టేషన్ వస్తున్నప్పుడు ఏదో ఒక బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది, అంతే, ఆ స్టేషన్ ఇక ఆ బటన్‌దే. ఫోను తీయనక్కర్లేదు, లాగిన్ కానక్కర్లేదు, స్పీకర్‌ను పేరుపెట్టి పిలవనక్కర్లేదు. మా అమ్మకు చూపు బాగా మందగించింది. టచ్ స్క్రీన్ మీద ఎక్కడ నొక్కాలో ఆమెకు తెలియదు, తెలిసే వీలూ లేదు. ఈ స్పీకర్ దగ్గర మాత్రం వేలితో తడిమి, రెండోది వార్తలు, అయిదోది పాత పాటలు అని ఇట్టే పట్టేస్తుంది. అందరూ ఉన్న బటన్లను పీకేస్తున్న కాలంలో బటన్లు ఉండాల్సిందేనని పట్టుబట్టిన ఇంజనీరు ఎవరో గానీ, వారికి నా కృతజ్ఞతలు తెలియజేయండి.

ఇక అసలు ఫిర్యాదు. ఈ స్పీకర్ పనిచేయడానికి మీ సర్వర్ నిజంగా అవసరమా? పాటలు మీ దగ్గర్నుంచి రావు. ప్రతి స్టేషనూ తన ప్రసారాన్ని తన సర్వర్ నుంచే పంపుతుంది. ఎక్కువ స్టేషన్లు వాడేది శబ్దాన్ని కుదించి పంపే ఎంపీ3 పద్ధతి. దాన్ని రూపొందించిన ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2017లోనే లైసెన్సుల కార్యక్రమానికి ముగింపు పలికింది కాబట్టి అక్కడ కూడా మీకు ఖర్చేమీ లేదు. గడియారం విషయానికొస్తే, కంప్యూటర్లు నెట్ నుంచి సమయం తెచ్చుకునే ఎన్‌టీపీ పద్ధతి 1985 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. ఉచితంగా సమయం చెప్పే సర్వర్లు ప్రపంచమంతటా ఉన్నాయి. మీ సర్వర్ చేసే పనల్లా ఏ బటన్‌కు ఏ స్టేషన్ నెట్ చిరునామా అన్నది గుర్తుపెట్టుకుని, అడిగినప్పుడు చెప్పడం. మా ఇంటి రూటర్ లాగ్‌లో, అంటే ఏ పరికరం ఎక్కడికి కలిసిందో రూటర్ రాసుకునే చిట్టాలో, ఇది స్పష్టంగా కనబడుతోంది. బటన్ నొక్కగానే స్పీకర్ ముందు మీ సర్వర్‌ను వెతుకుతుంది, మరుక్షణంలో స్టేషన్ సర్వర్‌కు వెళ్లిపోతుంది. ఆ తర్వాత గంటల తరబడి పాటలు వస్తూనే ఉంటాయి, మీ సర్వర్‌తో దానికి పెద్దగా పనే ఉండదు. చిరునామా చెప్పిన మనిషి ఊరు విడిచిపోతే ఇల్లు కూలిపోతుందా? ఆరు చిరునామాలు రాసుకోవడానికి ఆ స్పీకర్‌లోని మెమరీలో రవ్వంత చోటు చాలు. ఆ చోటు ఇవ్వకుండా వాటిని మీ దగ్గరే పెట్టుకున్నది మీరు. దాని ఫలితం మేమెందుకు అనుభవించాలి?

మెయిల్‌లో భద్రత కూడా ఒక కారణమన్నారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. పాత ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే పద్ధతి), అవతలి సర్వర్ అసలైనదేనని రుజువు చేసే సర్టిఫికెట్ల గడువు తీరడం నిజమైన సమస్యలే. 2021 సెప్టెంబరు 30న, వెబ్‌సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆధారపడిన పాత మూల సర్టిఫికెట్ గడువు తీరినప్పుడు ఎన్నో పాత పరికరాలకు వెబ్‌సైట్లతో సంబంధం ఒక్కసారిగా తెగిపోయింది. కానీ ఆ సమస్యకు మందు సర్టిఫికెట్లను కొత్తవాటితో మార్చడం, లేదా మార్చుకునే వీలు వాడేవాళ్లకు ఇవ్వడం. మంచి స్పీకర్‌ను చెత్తబుట్ట పాలు చేయడం కాదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించిన విషయం వేరే ఉంది. మా వంటింట్లో ఇదే మోడల్ ఇంకొకటి ఉంది. ఒక స్టేషన్ సరిగా రావడం లేదని మీ సహాయ విభాగాన్ని చాట్‌లో అడిగితే, ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నారు, అంటే సెట్టింగులన్నీ చెరిపేసి కొత్తదానిలా మొదలుపెట్టమన్నారు. వాళ్లు చెప్పినట్టే చేశాను. స్పీకర్ తెర మీద "సెటప్ కోసం యాప్ తెరవండి" అని వచ్చింది. యాప్ తెరిస్తే "ఈ మోడల్‌కు సహకారం లేదు" అంటోంది. అంటే సేవలు ఆగేది వచ్చే నెలాఖరుకే అయినా, సెటప్ పేజీని మీరు యాప్ నుంచి ముందే తీసేశారు. ఆ సంగతి మీ సహాయ విభాగానికే తెలియదు. పోయిన స్టేషన్ ఒకటి, ఇప్పుడు మూగబోయినవి ఆరూ. ఇదే సలహా ఇంకెంతమందికి ఇచ్చి ఉంటారో! ఈ లేఖ అందిన రోజే ఆ సలహా ఆపించండి. సెటప్ పేజీని వెంటనే యాప్‌లోకి తిరిగి తీసుకురండి.

ఇలాంటి ముగింపులు టెక్నాలజీ లోకానికి కొత్త కావు. ఏ సంస్థ ఎలా ముగించిందో పరికరాల మీద మక్కువ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. రివాల్వ్ అనే స్మార్ట్ హోమ్ హబ్‌ను (ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ కలిపి నడిపే పెట్టెను), రివాల్వ్‌ను కొన్న నెస్ట్ సంస్థ 2016 మే నెలలో పూర్తిగా ఆపేసింది. ఇళ్లలో పనిచేస్తున్న హబ్‌లు ఒక్కరోజులో పనికిరాకుండా పోయాయి. ఇప్పటికీ ఎక్కడ ఈ చర్చ వచ్చినా మొదట వినబడే పేరు అదే. లాజిటెక్, ఫోనుతో టీవీ లాంటివాటిని నడిపించే తన హార్మొనీ లింక్ పరికరం సేవలను 2018 మార్చిలో ఆపేస్తామని 2017లో ప్రకటించింది. వినియోగదారులు గట్టిగా నిలదీశాక, వాళ్లకు కొత్త హబ్ ఉచితంగా ఇస్తామంది. గూగుల్ 2023 జనవరిలో స్టేడియా గేమింగ్ సేవను మూసేసింది. అయినా కంట్రోలర్లను బ్లూటూత్ మీద మామూలుగా వాడుకునేలా మార్చుకునే వీలు కల్పించింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ పెబుల్ అనే చేతి స్మార్ట్ గడియారం. 2012లో కిక్‌స్టార్టర్ అనే విరాళాల వెబ్‌సైట్‌లో జనం నుంచి కోటి డాలర్లకు పైగా సేకరించి పుట్టిన గడియారమది. 2016 చివర్లో సంస్థ ఫిట్‌బిట్ చేతికి వెళ్లింది, 2018లో సర్వర్లు ఆగిపోయాయి. అయినా గడియారం చావలేదు. రెబుల్ పేరుతో అభిమానులే కూడి ప్రత్యామ్నాయ సేవలు నడిపారు. తర్వాత ఫిట్‌బిట్‌ను కొన్న గూగుల్ 2025 జనవరిలో ఆ గడియారం సాఫ్ట్‌వేర్ మూల కోడ్‌నే అందరికీ బయటపెట్టింది. ఆ పేరు వినగానే ఈ రోజుకీ జనం ముఖాలు వెలిగిపోతాయి. ఎంత డబ్బు పోసి ప్రకటనలు ఇస్తే ఒక సంస్థకు అంతటి అభిమానం దక్కుతుంది?

మీరు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. సర్వర్లు ఆపే ముందు ఒక్క చివరి ఫర్మ్‌వేర్ ఇవ్వండి. ఆరు బటన్ల చిరునామాలు స్పీకర్‌లోనే నిలిచిపోవాలి. ఇంటి వైఫైలో ఉన్న కంప్యూటర్ బ్రౌజర్ నుంచి ఆ చిరునామాలను మార్చుకునేలా ఒక సాదా పేజీ ఉండాలి. రంగులూ బొమ్మలూ అక్కర్లేదు. అదే పేజీలో సమయం చెప్పే సర్వర్ పేరు రాసుకునే గడి ఒకటి ఉంటే గడియారం గొడవ కూడా తీరిపోతుంది. అంత పని చేసే మనుషులు ఇప్పుడు లేరంటారా, అయితే స్పీకర్‌కూ మీ సర్వర్‌కూ మధ్య నడిచే సంభాషణ ఎలా ఉంటుందో ఆ పత్రాలు బయటపెట్టండి, సర్వర్ చిరునామా మార్చుకునే వీలు మాకు ఇవ్వండి. మిగతాది మాలాంటివాళ్లం చూసుకుంటాం. ఒక చిన్న కంప్యూటర్ బోర్డు మీద ఆ పని మొత్తం నడిపేయగల ఓపికా నేర్పూ ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ రెండింటిలో ఏదో ఒకటి జరిగేదాకా ముగింపు తేదీని వాయిదా వేయండి.

కొత్త మోడళ్ల విషయంలో ఒక మాట. పెట్టె మీద స్పీకర్ వ్యాసం నుంచి కరెంటు తీగ పొడవు దాకా అన్నీ అచ్చువేశారు. సర్వర్ కనీసం ఎన్నాళ్లు నడుపుతారో మాత్రం ఎక్కడా రాయలేదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి, నెట్‌కు కలిసే పరికరాల తయారీదారులు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో ప్రకటించి తీరాలనే చట్టం అమలవుతోంది. ఏ చట్టమూ అడగకముందే సర్వర్ గడువును కూడా మీరు పెట్టె మీద వేయండి. కొనేవాళ్లు చూసుకుని కొంటారు.

రెండు స్పీకర్ల సీరియల్ నంబర్లు, కొనుగోలు రసీదులు, మీ సహాయ విభాగంతో జరిగిన చాట్ ప్రతి, యాప్‌లో వచ్చిన సందేశం ఫొటో ఈ లేఖతో జతచేస్తున్నాను. జవాబు రాయడానికి వీల్లేని చిరునామా నుంచి కాకుండా, ఈ నిర్ణయంతో సంబంధం ఉన్న ఒక మనిషి పేరుతో సమాధానం పంపండి. వంటింటి స్పీకర్‌కు సెటప్ ఎప్పటిలోగా తిరిగి వస్తుందో అందులో తేదీతో సహా తెలపండి.

ఇట్లు,
మీ మొదటి మోడల్ వినియోగదారు