అమెరికా పుట్టుక కథ పిల్లలకు సగమే చెప్పొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికా బడుల్లో తొలినాటి చరిత్ర ఎలా చెప్పాలన్న గొడవ ఏళ్ల తరబడి నడుస్తోంది. దేశాన్ని నిలబెట్టినవాళ్లను గొప్పగానే చూపాలని కొందరు, వాళ్ల తప్పులే ముందు చెప్పాలని ఇంకొందరు. మా పిల్లలు అక్కడే చదువుతున్నారు కాబట్టి అడుగుతున్నా, రెండూ కలిపి చెబితే ఏం పోతుంది?

మనుషులంతా సమానంగా పుట్టారని 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన థామస్ జెఫర్సన్ (తర్వాత ప్రెసిడెంట్ అయ్యాడు) జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. అయినా ఆ ప్రకటనకు ఆయన రాసిన చిత్తుప్రతిలో బానిస వ్యాపారాన్ని తప్పుపడుతూ ఒక పేరా ఉండేది, దాన్ని కాంగ్రెస్ (అప్పటి కాలనీల ప్రతినిధుల సభ) కొట్టేసింది. ఆ పేరా పిల్లల చేత చదివించండి, ఎందుకు తీసేశారు, ఎవరు ఒప్పుకోలేదు అని వాళ్లే అడుగుతారు, పాఠం అక్కడే మొదలవుతుంది. 1796లో ఓనా జడ్జ్ అనే బానిస యువతి, ఫిలడెల్ఫియాలో ప్రెసిడెంట్ వాషింగ్టన్ కుటుంబం భోజనం చేస్తుండగా ఆ ఇంట్లోంచే తప్పించుకుని న్యూహాంప్‌షైర్ చేరింది. ఆయన మనుషుల్ని పంపినా తిరిగి రాలేదు. స్వేచ్ఛ అంటే ఏమిటో ఆమె కథ చెప్పినంత బాగా ఏ నిర్వచనం చెబుతుంది?

అలాగని ఆ సూత్రాలు ఉత్త మాటలని పిల్లలకు నూరిపోయడం కూడా అన్యాయమే. 1848లో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్‌లో ఆడవాళ్లు అదే స్వాతంత్ర్య ప్రకటన తీసుకుని, అందులో స్త్రీలను కూడా చేర్చి తమ హక్కులు అడిగారు.

అక్కడి స్కూల్ బోర్డు మీటింగుల్లో తల్లిదండ్రులు మాట్లాడొచ్చు. మనవాళ్లు మార్కులు, మ్యాథ్స్ గురించే కాకుండా దీని గురించీ వెళ్లి అడగండి.

– ఒక తల్లి, న్యూజెర్సీ