సుకింద ఎర్రమట్టి, నికెల్, యాసిడ్ లెక్క

కాల్గూర్లీ, పశ్చిమ ఆస్ట్రేలియా

చి. తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

యాసిడ్‌తో నికెల్ తీసే నీ కాలేజీ ప్రాజెక్టుకి ఒడిశాలోని సుకింద క్రోమైట్ (క్రోమియం ఖనిజం) గనుల పైపొర మట్టి తీసుకుంటానని రాశావు. చాలా సంతోషం. మన దేశపు నికెల్ నిక్షేపాల్లో ఎక్కువ భాగం అక్కడే ఉంది. నికెల్ ఒక శాతం లోపే అని వెనకాడకు. కానీ ముందు యాసిడ్ లెక్క చూసుకో.

ఆ మట్టిలో నికెల్ విడి ఖనిజంగా ఉండదు, గోతైట్ అనే ఇనుప ఖనిజం లోపల ఇమిడిపోయి ఉంటుంది. అందుకే ఫ్లోటేషన్‌కి (ఖనిజాన్ని నురుగుతో తేల్చి వేరుచేసే పద్ధతికి) లొంగదు, గోతైట్ కరగాల్సిందే. మామూలు ఒత్తిడిలో పూర్తిగా కరిగిస్తే టన్ను మట్టిలోని 450 కిలోల ఇనుమే దాదాపు 1,180 కిలోల సల్ఫ్యూరిక్ యాసిడ్ తాగేస్తుంది. అదే 250 డిగ్రీల దగ్గరైతే ఇనుము కరిగీ కరగగానే హెమటైట్‌గా (ఇనుప ఆక్సైడ్‌గా) కిందకి దిగి, తీసుకున్న యాసిడ్‌ని తిరిగిచ్చేస్తుంది. ఎక్కువ ఒత్తిడిలో, వేడిలో యాసిడ్‌తో లోహాన్ని కరిగించి తీసే హెచ్‌పాల్ (HPAL) పద్ధతికి ప్రాణం ఇదే. క్యూబాలోని మోవాలో 1959లో మొదలైంది, ఇక్కడ పశ్చిమ ఆస్ట్రేలియాలోని మరిన్ మరిన్ ప్లాంటులో 1990ల చివర వచ్చింది.

మెగ్నీషియం మాత్రం తిన్నది తిరిగివ్వదు. కిలోకి 4 కిలోల యాసిడ్ పోయినట్టే. మట్టిలో అది ఒక్క శాతం పెరిగితే టన్నుకి 40 కిలోలు అదనం. అల్యూమినియం అల్యునైట్‌గా (సల్ఫేట్ ఖనిజంగా) దిగేటప్పుడు కిలోకి సుమారు 2.4 కిలోలు పట్టుకుపోతుంది. టన్నులో 9 కిలోల నికెల్ ఉంటే దానికి కావలసింది 15 కిలోలే! చివర్లో లీటరుకి 30-50 గ్రాముల ఫ్రీ యాసిడ్ (దేనితోనూ కలవని యాసిడ్) మిగలాలి, లేకపోతే నికెల్ పూర్తిగా రాదు. ఇవన్నీ కలిపి పెద్ద ప్లాంట్లలో టన్నుకి 250-400 కిలోలు పడుతుంది.

250 డిగ్రీల దగ్గర ఆవిరి ఒత్తిడే 40 బార్. టైటానియం పొర వేసిన ఉక్కు ఆటోక్లేవ్‌లో (ఒత్తిడిని తట్టుకునే మూత పాత్రలో) స్లర్రీ, అంటే మట్టి, యాసిడ్ కలిసిన చిక్కటి ద్రవం, గంట, గంటన్నర ఉంటే 95 శాతం దాకా నికెల్ వస్తుంది. అసలు తలనొప్పి పొలుసు. హెమటైట్, అల్యునైట్ గోడలకీ కలిపే రెక్కలకీ రాయిలా పేరుకుంటాయి, ప్లాంటు ఆపి గీకాల్సిందే. ఇక్కడి భూగర్భజలం ఉప్పుమయం, అందులోని సోడియం వల్ల కొంత ఇనుము జారోసైట్ అనే సల్ఫేట్ ఖనిజంగా దిగి యాసిడ్‌ని తనలోనే బంధించేస్తుంది. నువ్వు కుళాయి నీళ్లు కాకుండా డిస్టిల్డ్ వాటర్ వాడు.

తర్వాత సున్నపురాయి పొడితో పీహెచ్‌ని మెల్లగా 3.5-4 దాకా పెంచి మిగిలిన ఇనుము, అల్యూమినియం తీసెయ్యి. తొందరపడి 5 దాటించావంటే నికెల్ కూడా ఆ మడ్డితోనే పోతుంది. ఆపైన మెగ్నీషియాతో (మెగ్నీషియం ఆక్సైడ్‌తో) 7-7.5కి తెస్తే నికెల్, కోబాల్ట్ కలిసిన హైడ్రాక్సైడ్ దిగుతుంది. కొంత మాంగనీస్ కూడా వస్తుంది, కంగారుపడకు.

కాలేజీలో ఆటోక్లేవ్ దొరక్కపోతే కాలమ్ లీచింగ్ చెయ్యి, అంటే నిలువు గొట్టంలో మట్టి నింపి పైనుంచి యాసిడ్ ద్రావణం దింపడం. నెలలు పడుతుంది, నికెల్ తక్కువ వస్తుంది, ఇనుము ద్రావణంలోనే మిగిలిపోతుంది. పొడిమట్టిని నేరుగా పోస్తే బంకమన్ను బిగుసుకుని ద్రావణం కిందకి దిగదు. పలచని యాసిడ్‌తో తడిపి ఉండలు కట్టి, ఆరాకే నింపు. యాసిడ్‌ని నీళ్లలో పొయ్యి, నీళ్లని యాసిడ్‌లో ఎప్పుడూ పోయకు. ఈ మట్టిలో క్రోమియం ఉంటుంది కాబట్టి వాడిన ద్రావణాన్ని సింక్‌లో వంపొద్దు, హెక్సావాలెంట్ క్రోమియం (విషపూరితమైన క్రోమియం రూపం) పరీక్ష చేయించు.

ఎనాలిసిస్ రాగానే మెగ్నీషియం, అల్యూమినియం అంకెలు పంపు. ఎంత యాసిడ్ కొనాలో ఇద్దరం కూర్చుని తేల్చుకుందాం. అమ్మకీ నాన్నగారికీ నా నమస్కారాలు చెప్పు.

ప్రేమతో,
అన్నయ్య