మంత్రి గారూ, మా ఫీడరు వేరు చేయించండి: ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యుత్ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. సబ్‌స్టేషను నుంచి మాకు కరెంటు తెచ్చే లైను, అదే ఫీడరు, రొయ్యల చెరువులకీ మాకూ ఒక్కటే. దాని సంగతి మీ శాఖకి కొత్త కాదు. మేం పెట్టిన ప్రతి అర్జీకీ కొన్నాళ్ళకి ఫోనుకి మెసేజ్ వస్తుంది, మీ సమస్య పరిష్కరించబడింది అని. ఆఖరి మెసేజ్ వచ్చిన సాయంత్రమే మా షెడ్డులో మీటరు 348 వోల్టులు చూపించింది. రావలసింది 415. ఆరు శాతం అటూ ఇటూ ఉండొచ్చని రూలు, అంటే 390కి తగ్గకూడదు. ఇంకో అర్జీ పెట్టి ఇంకో మెసేజ్ తీసుకునే ఓపిక లేక నలుగురూ చదివేలా రాస్తున్నాను. తప్పుగా అనుకోవద్దు.

కోనసీమలో కాలవ గట్టు పక్కన మాదొక చిన్న యూనిట్టు. వెల్డింగుని చేత్తో కాకుండా మెషీనుతో చేయించే సామాను కడతాం. ట్యాంకుల్ని తిప్పే రోటేటర్లు, జాయింటుని తిప్పుతూ వెల్డింగు టార్చి కిందకి తెచ్చే పొజిషనర్లు, పట్టాల మీద టార్చిని నడిపించే ట్రాలీలు. అవే మెషీన్ల మీద వ్యాయామ పరికరాలు కూడా చేస్తాం: నిలబడి కాళ్ళు ఊపే ఎయిర్ వాకర్లు, నడిచినట్టు తొక్కే ఎలిప్టికల్సు, వెనక్కి ఆనుకుని తొక్కే సైకిళ్ళు. వీటిలో పాదం మెట్టు మీంచి లేవదు కాబట్టి మోకాలికి అదురు తగలదు. ఊడ్పుల్లో, కలుపుల్లో నడుం వంచి బతికిన ఆడవాళ్ళు అరవై దాటేసరికి గుమ్మం దిగడానికి గోడ పట్టుకుంటున్న ఊళ్ళు మావి. డాక్టరు కదలమంటారు, నడిస్తే మోకాలు వాస్తుంది. అలాంటి వాళ్ళు భయం లేకుండా ఎక్కే మెషీను మా ఊళ్ళోనే తయారవ్వాలని ఈ పని పెట్టుకున్నాం.

ఇప్పుడు వోల్టేజి సంగతి. ఎయిర్ వాకర్ ప్రాణమంతా ఒక్క జాయింటులో ఉంటుంది. పైనుంచి వేలాడే కాలి పైపు, బేరింగు కూర్చునే బుష్షుని కలిసే చోటు అది. ఎక్కిన మనిషి బరువంతా అక్కడే ఊగుతుంది, రోజుకి వేల సార్లు. ఆ వెల్డు చుట్టూరా ఒకే విడతలో, మధ్యలో ఆగకుండా పూర్తవ్వాలి. పైపు మందం మూడు మిల్లీమీటర్లు. పొజిషనర్ తిరుగుతుంటుంది, వెల్డింగు వైరు దిగుతుంటుంది, సగం చుట్టు అయ్యాక కరెంటు కుంగుతుంది. ముందు పొజిషనర్ డ్రైవు ట్రిప్పవుతుంది. టేబులు ఆగాక ఆర్కు, అంటే వెల్డింగు నిప్పు, ఇంకో క్షణం మండినా పైపుకి చిల్లు పడుతుంది, అందుకని రెండూ ఒకేసారి ఆగేలా ఇంటర్‌లాక్ పెట్టుకున్నాం. చిల్లు పడదు గానీ ఆగిన చోట గుంట మిగులుతుంది. దాన్ని గ్రైండింగు పట్టి, పాత బీడు (వెల్డు వరస) మీదకి ఎక్కించి మళ్ళీ మొదలుపెట్టాలి. మళ్ళీ కుంగుతుంది.

మెషీను ఆగితే కనీసం మాకు తెలుస్తుంది. ఆగకుండా కుంటుతూ నడిచిన రోజు ఇంకా ప్రమాదం. మా దగ్గరున్న పాత ట్రాన్స్‌ఫార్మర్ వెల్డింగు సెట్లకి సప్లయి తగ్గితే ఆర్కులో వేడి తగ్గిపోతుంది. లోహం పక్కలకి పట్టదు, బీడు పైపు మీద తాడులా లేచి కూర్చుంటుంది. పైన పౌడర్ కోటింగు వేస్తే ఎవరి కంటికీ ఆనదు. పగులు మాత్రం అక్కడే మొదలవుతుంది. దాని మీద ఎక్కేది డెబ్భై ఏళ్ళ పెద్దావిడ అయ్యా. అనుమానం వచ్చిన ప్రతి ముక్కనీ కోసి పారేస్తున్నాం. ఆ ఇనుము ఖర్చు, వైరు ఖర్చు, గ్యాసు ఖర్చు ఏ ఖాతాలో రాసుకోమంటారు?

సర్వో స్టెబిలైజరు పెట్టుకోమన్నారు. అప్పు చేసి పెట్టాం. దానికీ ఒక హద్దుంది, 340 కిందకి పడితే అదీ చేతులెత్తేస్తుంది. జనరేటరు వాడుకోమన్నారు. లీటరు డీజిలుకి మూడు, మహా అయితే మూడున్నర యూనిట్లు వస్తాయి. లీటరు ధర నూరుకి చేరువలో ఉంది. అంటే యూనిట్టు 30 రూపాయల దగ్గర పడుతోంది. జనరేటరు నడిచిన నెల కూడా కనెక్షను లోడుని బట్టి మీరు వేసే డిమాండు చార్జీ తగ్గదు, పాత ఖర్చుల తేడా అంటూ వేసే ట్రూ అప్ చార్జీ ఆగదు. ఇవ్వని వోల్టేజికి కూడా బిల్లు ఒక్క రోజు ఆలస్యం కాకుండా కడుతున్నాం.

రొయ్యల రైతుల మీద ఫిర్యాదు కాదిది. పొద్దు వాలాక చెరువుల మీద నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లన్నీ ఒక్కసారి అందుకుంటాయి. అవి ఆగితే తెల్లారేసరికి వాళ్ళ పంట పోతుంది, ఆ కుటుంబాల్లో మా చుట్టాలూ ఉన్నారు. వాళ్ళకి యూనిట్టు రూపాయిన్నరకి ఇవ్వడం మంచి పనే. కానీ చెరువులు పెరిగినంతగా తీగ పెరగలేదు, ట్రాన్స్‌ఫార్మరు పెరగలేదు. ఒకే ఫీడరు మీద వాళ్ళనీ మమ్మల్నీ వేలాడదీస్తే వాళ్ళ మోటార్లూ కాలుతున్నాయి, మా వెల్డులూ చెడుతున్నాయి.

ఫీడర్లు వేరు చేస్తామని మీ శాఖ పెద్దలే వేదిక మీద మాటిచ్చారు. ఎస్టిమేటు వేశారు, కొలతలు తీశారు. స్తంభాలు కూడా వచ్చాయి. అవి ఈరోజుకీ కాలవ గట్టు మీద పడి ఉన్నాయి, వాటి మధ్య తుమ్మ మొక్కలు మనిషెత్తు లేచాయి. లైన్‌మేన్‌ని అడిగితే అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారినడగమంటాడు, ఏఈ గారు పైనుంచి శాంక్షన్ రాలేదంటారు. పైన అంటే ఎవరో చెప్పేవాళ్ళు లేరు.

ఒక మాట మనసులో దాచుకోలేక రాస్తున్నాను. మా నేల కింది గ్యాసు తీసి విజ్జేశ్వరంలో, జేగురుపాడులో కరెంటు పుట్టించారు. ఆ గ్యాసు కోసం 1995లో పాశర్లపూడిలో గ్యాసు బావి ఎగదన్నిన బ్లోఅవుట్ మంటలు చూశాం, 2014లో నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపులైను పేలి మనుషుల్ని పోగొట్టుకున్నాం. అంత భరించిన చోట 415 వోల్టులు అడగడం అత్యాశా?

మా దగ్గర పని నేర్చుకున్న ఐటీఐ కుర్రాళ్ళు పాస్‌పోర్టులు చేయించుకుంటున్నారు. పొజిషనరుకి ప్రోగ్రాం పెట్టగలిగిన పిల్లలు గల్ఫ్‌లో హెల్పర్లుగా చేరుతున్నారు. ఉండమని ఏ మొహంతో చెప్పను? సాయంత్రం షిఫ్టులో సగం సేపు వాళ్ళు మీటరు వంక చూస్తూ కూర్చుంటున్నారు. 175 నియోజకవర్గాల్లో చిన్న పరిశ్రమల పార్కులు వస్తాయంటున్నారు, ఇంటికొక పారిశ్రామికవేత్త అంటున్నారు, రానివ్వండి, సంతోషం. వాటికన్నా ముందు, ఇప్పటికే షెడ్డు వేసుకుని బ్యాంకుకి వాయిదాలు కడుతున్న మమ్మల్ని నిలబెట్టండి.

దయచేసి ఆ పడి ఉన్న స్తంభాలు ఎత్తించండి. ఫీడరు వేరు చేయించండి. అంతవరకూ కనీసం ట్రాన్స్‌ఫార్మరు కెపాసిటీ పెంచండి. మా మాట మీద నమ్మకం లేకపోతే వోల్టేజి రికార్డు చేసే మీటరు ఒక వారం పాటు మా ట్రాన్స్‌ఫార్మరు దగ్గర పెట్టించండి, సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజాము వరకూ అంకెలు మీరే చూడండి. అవి చూశాక కూడా సమస్య పరిష్కరించబడింది అనిపిస్తే ఆ మాట మెసేజ్‌గా కాకుండా సంతకం పెట్టిన కాగితం మీద ఇప్పించండి. ఫీడరు ఎప్పటికి వేరవుతుందో తేదీ కూడా ఆ కాగితం మీదే రాయించండి.

ఇట్లు,
వెల్డింగ్ పరికరాల యూనిట్ యజమాని,
కోనసీమ