మీరు "సరిపోతుంది" అని టిక్కు పెట్టి అమ్మిన స్పార్క్ ప్లగ్గులు మా కారుకి సరిపోలేదు – ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్తే. నేను ఖమ్మం నుంచి రాస్తున్నాను. గత నెలలో మీ సైట్‌లో మా కారుకి నాలుగు స్పార్క్ ప్లగ్గులు కొన్నాను, మొత్తం 580 రూపాయలు. మీ కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను, మూడుసార్లూ మూడు రకాల తప్పు సమాధానం వచ్చింది, అందుకే ఇప్పుడు నేరుగా మీకే రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు. దాంతోపాటు రావాల్సిన పుస్తకం మా చేతికి రానే లేదు. ఏ ప్లగ్గు వేయాలో తెలియకే మీ సైట్‌కి వచ్చాను. కారు కంపెనీ, మోడల్, ఏ సంవత్సరంది, ఇంజిన్ ఏంటి, మీరు అడిగినవన్నీ నింపాను. ఎన్‌జీకే కంపెనీ బీపీఆర్6హెచ్‌ఎస్ ప్లగ్గు చూపించి, పక్కన ఆకుపచ్చ టిక్కుతో "మీ కారుకు సరిపోతుంది" అని మీరే రాశారు. అది నమ్మి కొన్నాను, ఇంట్లో నేనే ప్లగ్ పానాతో బిగించాను. పానా సరిపోయింది, థ్రెడ్ (మర) చక్కగా పట్టింది, తేడా ఉందన్న అనుమానమే రాలేదు.

మొదటి రోజు నుంచే పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజిన్ వణికేది. కొత్త ప్లగ్గులు కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. సర్దుకోలేదు. లీటరుకి 15 ఇచ్చే బండి 11కి పడింది, గేరు మార్చి తొక్కితే పికప్ లేదు. పన్నెండో రోజు అమ్మని తీసుకుని భద్రాచలం బయలుదేరాం, కొత్తగూడెం దగ్గరికొచ్చేసరికి మిస్సింగ్ (పెట్రోలు సరిగా మండక ఇంజిన్ తడబడటం) ఎంత ఎక్కువైందంటే వెనకనుంచి లారీ హారన్ కొడుతుంటే ఓవర్‌టేక్ చేయలేను, పక్కకి తీయాలంటే జర్కులు, అమ్మ సీటు పట్టుకుని కూర్చుంది. ఆ పావుగంట టెన్షన్ నేను మర్చిపోలేను.

కొత్తగూడెంలో ఒక మెకానిక్ చూసి పది నిమిషాల్లో కనిపెట్టాడు. పాత ప్లగ్గులు డిక్కీలో డబ్బాలోనే ఉన్నాయి. పాతదీ మీరు పంపిందీ నా అరచేతిలో పక్కపక్కన పెట్టి, "థ్రెడ్ పొడవు చూడండి సార్" అన్నాడు. పాతదాన్ని గుడ్డతో తుడిస్తే పింగాణీ మీద బీపీఆర్6ఈఎస్ అని ఉంది. మీరు పంపింది బీపీఆర్6హెచ్‌ఎస్. ఒక్క అక్షరం తేడా. ఈ అంటే థ్రెడ్ పొడవు 19 మిల్లీమీటర్లు, హెచ్ అంటే 12.7. థ్రెడ్ వెడల్పు రెండింటికీ 14 మిల్లీమీటర్లే, పానా సైజూ ఒకటే, అందుకే రెండూ బిగుస్తాయి. కానీ మా ఇంజిన్ హెడ్డులో, అంటే ప్లగ్గులు బిగించే పైభాగంలో, రంధ్రం 19 మిల్లీమీటర్లకి చేసింది. పొట్టి ప్లగ్గు వేస్తే నిప్పురవ్వ పెట్రోలు మండాల్సిన చోట కాకుండా ఆ రంధ్రం లోపలే పుడుతుంది. మిస్సింగ్ కొట్టక ఏమవుతుంది?

దీనికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. ప్లగ్గు చేరని ఆ ఆరు మిల్లీమీటర్ల థ్రెడ్‌లో పన్నెండు రోజులు మసి పేరుకుంది. సరైన ప్లగ్గు ఎక్కించబోతే సగం వెళ్లి ఆగిపోయింది. ఆయన బలవంతం చేయలేదు, అది మా అదృష్టం. థ్రెడ్ శుభ్రం చేసే ట్యాప్ అనే పనిముట్టుకి గ్రీజు రాసి, పొట్టు లోపల పడకుండా కొంచెం తిప్పడం, బయటికి తీసి తుడవడం, మళ్లీ తిప్పడం, ఇలా నాలుగు సిలిండర్లకీ మధ్యాహ్నం అంతా పట్టింది. తొందరపడి పానాతో గట్టిగా తిప్పి ఉంటే అల్యూమినియం హెడ్డులో థ్రెడ్ పోయేది, హెడ్డు దించాల్సి వచ్చేది. ఇదే పొరపాటు తిరగబడి, పొట్టి రంధ్రం ఉన్న ఇంజిన్‌కి మీరు పొడుగు ప్లగ్గు పంపితే, దాని కొస పిస్టన్‌కి తగిలే ప్రమాదం ఉంది. ఆ టిక్కు ఎవరు, దేన్ని చూసి పెడుతున్నారు?

ఇక మీ కస్టమర్ కేర్ సంగతి. మొదటిసారి, "థ్రెడ్ పట్టిందంటే కరెక్ట్ ప్లగ్గే సార్, ఒకసారి బిగించాక రిటర్న్ ఉండదు" అన్నారు. రెండోసారి, ఎన్‌జీకే 6 బదులు బాష్ కంపెనీలో 6 నంబరు ప్లగ్గు పంపుతామన్నారు. ఆ 6 అనేది హీట్ రేంజ్, అంటే ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా హెడ్డులోకి వదిలేస్తుందో చెప్పే నంబరు. ఎన్‌జీకేలో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లగా ఉంటుంది, బాష్‌లో పెరిగేకొద్దీ వేడిగా ఉంటుంది, రెండూ ఎదురెదురు లెక్కలు. బీపీఆర్6ఈఎస్‌కి బాష్‌లో జోడీ డబ్ల్యూఆర్7డీసీ. వాళ్లు పంపుతామన్న 6 ఇంకా చల్లటిది. కొస దాదాపు 450 డిగ్రీలైనా వేడెక్కకపోతే మీద పడ్డ మసి కాలదు, ఊళ్లో తిరిగే మా బండికి అది వేస్తే మళ్లీ మసే. మరీ వేడి ప్లగ్గు వేస్తే ఇంకోలా దెబ్బ, రవ్వ పుట్టకముందే పెట్రోలు అంటుకుని పిస్టన్ పాడవుతుంది. మూడోసారి, సగం ధరకి ఇరిడియం (ఆ లోహపు కొస ఉన్న) ప్లగ్గులు ఇస్తాం, అన్ని సమస్యలూ పోతాయన్నారు. ఇరిడియం ఎక్కువ కాలం మన్నుతుంది, నిజమే. కానీ దానికీ పొడవు, హీట్ రేంజ్ కుదరాలి కదా, ఆ రెండూ ఆ అమ్మాయి అడగనే లేదు. ఆమెని తప్పుపట్టడం లేదు, ఆమె ముందున్న స్క్రీన్ మీద మీరు ఏం పెట్టారో అదే చదివింది.

కొనేముందు పాత ప్లగ్గు మీద నంబరు చూసుకోవాల్సింది, ఒప్పుకుంటాను. కానీ ఆ పని మేం చేసిపెడతాం అని చెప్పే కదా మీరు ఆ టిక్కు పెట్టింది!

నాకు కావాల్సింది ఇది. ప్లగ్గుల 580, మెకానిక్ తీసుకున్న 900, కలిపి 1,480 రూపాయలు తిరిగివ్వండి. బిల్లులు, రెండు ప్లగ్గులూ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో జత చేశాను. మా మోడల్‌కి ఆ ప్లగ్గు చూపించడం ఈరోజే ఆపేయండి. మా మోడల్ నింపి ఇదే ప్లగ్గు కొన్న ప్రతి ఒక్కరికీ, పొడుగు ప్లగ్గు ఎక్కించేముందు థ్రెడ్ శుభ్రం చేయించుకోమని మెసేజ్ పంపండి, డబ్బు కంటే నేను ఎక్కువగా పట్టుబట్టేది దీని గురించే, వాళ్లలో ఎవరో ఒకరు ఈ వారమే పానాతో బలంగా తిప్పబోతుండొచ్చు. ప్రతి ప్లగ్గు పేజీలో థ్రెడ్ వెడల్పు, పొడవు, హీట్ రేంజ్, గ్యాప్ (రవ్వ దూకే సందు), రెసిస్టర్ (రేడియోలో గరగర రాకుండా ఆపేది) ఉందో లేదో రాయండి. అవి కంపెనీ కేటలాగ్‌లోనే ఉంటాయి, కొత్తగా కనిపెట్టాల్సిన పనేం లేదు.

చెప్పిన లక్షణాలు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదని 2020 ఈ-కామర్స్ రూల్స్‌లో ఉంది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి అని కూడా ఉంది. ఈ ఉత్తరానికి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మీ నాలుగు ప్లగ్గులూ కడగకుండా, మసితో అలాగే దాచి ఉంచాను. మీ మనిషిని పంపితే చూపిస్తాను.

ఇట్లు,
ఖమ్మం నుంచి మీ కస్టమర్